వినబడలేదు, మళ్ళీ చెప్పండి

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నాన్నా నీకు?"

కొడుకు ఈ మాట అడగడం ఇది మూడోసారి. కాళ్ళకి బూట్లు కూడా విప్పలేదు. భోజనాల బల్లకి అవతల నిలబడి, కుర్చీ వీపు మీద రెండు చేతులూ ఆనించి, ఆగిపోయిన లిఫ్టు గోతిలోకి వంగి చూసినట్టు తండ్రి మొహంలోకి చూస్తున్నాడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు అతను. ఎక్కడ పట్టేసిందో తెలిసేదాకా వదిలే రకం కాదు.

తండ్రి, ఊరందరికీ డ్రైవింగు మాస్టారు, బల్ల మీది కారు తాళంచెవిని చూస్తున్నారు.

"మూడు వారాలు," అన్నారు చివరికి.

"మూడు వారాలా! మూడు వారాలుగా ఇదే బల్ల దగ్గర కూర్చుని, వాన పడేలా ఉందిరా, టైర్లలో గాలి చూసుకున్నావా అంటూ కబుర్లు చెప్పావు. ఈ ఒక్కటీ చెప్పడానికి నోరు రాలేదా?"

"మెల్లిగా అనండి," అంది కోడలు, పాలు వడకడుతూ. "అత్తయ్యకి పోయింది గొంతే. చెవులు కావు."

లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంది. దాని వెనక ఏ చప్పుడూ లేదు. ఆ గదిలోంచి మాట వినబడక పది నెలలైంది కాబట్టి, ఆవిడ వింటోందో పడుకుందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

గంట కిందట జరిగినదానికి ఆ నలుగురూ సాక్షులే.

ఆస్పత్రి నుంచి వస్తున్నారు. పది నెలల కిందట ఆవిడ స్వరపేటిక తీసేసిన డాక్టరే, గడ్డ మళ్ళీ లేచిందని చెప్పాడు. ఈసారి తిండి దిగే దారి కూడా తీసెయ్యాలట. ఆ తరవాత నోటితో తినడం ఉండదు, పొట్టలోకి గొట్టమే. చేయిస్తే సగానికి సగం ఆశ. చేయించకపోతే కొద్ది నెలలు. గురువారం ఆపరేషనుకి ఒక చోటు ఖాళీ ఉంది. రేపు సాయంత్రం నాలుగింటిలోగా ఆవిడా, ఇంటివాళ్ళలో ఒకరూ వచ్చి సంతకాలు పెట్టాలి. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

కారు మాస్టారే నడుపుతున్నారు. పక్కన కొడుకు, వెనక కోడలూ ఆవిడా. ఎవరి మట్టుకు వాళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. వంతెన దిగుతుండగా కారులో గంట టింగుమంది.

"ఇల్లు నుంచి కొత్త సందేశం," అంది కారులోని ఆడగొంతు. మాస్టారి ఫోనులో భార్య నంబరు ఆ పేరుతోనే ఉంటుంది. ఆయన చెయ్యి ఫోనుని కారుకి కలిపిన కేబుల్ దాకా వెళ్ళేలోపే ఆ గొంతు చదివేసింది కూడా. "నేను మళ్ళీ కోయించుకోను. మీరు ఒప్పుకున్నారు. పిల్లలకి ఇప్పుడే చెప్పకండి."

మూడే వాక్యాలు. ఒక్కోదాని దగ్గర ఆగి, తీరిగ్గా, రేపటి ఎండావానా చెప్పినట్టు చెప్పింది. ఆ వెంటనే, "జవాబు చెప్పాలా?" అని మర్యాదగా అడిగింది.

మాస్టారు అప్పుడు పీకారు కేబుల్.

కారులోకి మూడో మనిషి ఎక్కితే మాస్టారు మొదట చేసే పని ఫోను కేబుల్ పీకెయ్యడం. అది భార్యాభర్తలిద్దరి మధ్యా ఉన్న ఏర్పాటు. పీకేసే ఉంటారన్న ధీమాతో, ఇంటికెళ్ళాక చదువుకుంటారులే అనుకుని ఆవిడ పంపింది. ఆస్పత్రి ముందు బండి తీస్తున్నప్పుడు ఆయనకి కేబుల్ మాట గుర్తే లేదు. పది నెలల్లో ఒక్కసారి మరిచిపోయారు. ఆ ఒక్కసారీ ఇవాళే కావాల్సొచ్చింది.

"అమ్మ భయపడి అంది. అది అర్థమవుతుంది నాకు," అన్నాడు కొడుకు. "నువ్వేమిటి ఒప్పుకోవడం? ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో సగం మందికి డ్రైవింగు నేర్పావు. నేర్పే బండిలో నీ కాళ్ళ దగ్గర వేరే బ్రేకు పెట్టించుకున్నావు. నేర్చుకునేవాడు గోడ మీదకి పోతుంటే నువ్వు తొక్కుతావు కదా? మరి ఇక్కడెందుకు తొక్కలేదు?"

మాస్టారు తాళంచెవిని వేలితో కొంచెం జరిపారు.

"ఆ బండి నాదిరా. ఇది ఆవిడది."

కొడుకు కుర్చీని తనవైపు లాక్కున్నాడు. కుర్చీ వీపు మీద వేళ్ళు బిగుసుకున్నాయి.

"అంటే, అమ్మ పోయినా నీకు పర్వాలేదన్నమాట."

"అదేం మాటండీ!" అంది కోడలు.

ఆ మాటకి మాస్టారి దగ్గర జవాబు ఉంది. మూడు వారాలుగా గుండెలో రాయిలా పడి ఉంది. కదిలించబోతే నోటిదాకా వచ్చింది మాత్రం ఎప్పుడూ వచ్చే మాటే.

"చూద్దాంలే."

"ఏం చూద్దాం నాన్నా? రేపు నాలుగు దాటాక చూడ్డానికి ఏం మిగుల్తుంది?"

లోపలి తలుపు తెరుచుకుంది. ఆవిడ వచ్చింది. మెడ దగ్గర ఊపిరి తీసుకునే రంధ్రం మీద తెల్లటి పలచని గుడ్డ, చేతిలో ఎప్పుడూ ఉండే నోటుపుస్తకం. నేరుగా కొడుకు ముందుకి వచ్చి పేజీ ఎత్తి చూపించింది.

'బూట్లు విప్పు. ఇప్పుడే నేల తుడిచారు.'

కొడుకు చదివాడు. నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో విరిగిపోయింది. అదే కుర్చీలో కూలబడి, లేసులు విప్పుతూ విప్పుతూ ఏడ్చాడు. ముప్పై ఐదేళ్ళ మనిషి, బూటు ఒళ్ళో పెట్టుకుని. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ చెయ్యి దేన్నీ కాదనలేదు, దేనికీ ఒప్పుకోలేదు. ఊరికే అలా ఉంది.

తరవాత ఆస్పత్రి కాగితాలు సర్దుతూ కోడలు ఆగిపోయింది. సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగానే ఉంది. పైన అచ్చులో మాత్రం మూడు తప్పులకి పెన్సిలుతో సున్నాలు చుట్టి, అంచులో దిద్దుబాట్లు రాసి ఉన్నాయి. ఆవిడ ఇరవై ఆరేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి.

"చూడండి," అంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూనే నవ్వి. "కాగితం చదవకుండా వద్దందని మాత్రం అనడానికి లేదు."

*

నోటుపుస్తకంలో ఆవిడ రాసేవన్నీ ఆ బూట్ల లాంటి మాటలే. 'పాలు చాలు.' 'కిటికీ వెయ్యండి.' 'దగ్గు మందు అయిపోయింది.' రాసి చూపించగానే అవతలి మనిషి తన మొహంలోకి చూస్తాడు. ఆ జాలి చూపు ఎదురుగా అంతకంటే పెద్ద మాట రాయడానికి ఆవిడకి చెయ్యి వచ్చేది కాదు.

కారులో ఆ బాధ లేదు. మాస్టారి కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి. బండి నడుపుతూ ఫోను వంక కన్నెత్తి చూడకూడదన్నది ఆయన నేర్పే మొదటి పాఠం. సిగ్నలు దగ్గర ఆగినా నడుపుతున్నట్టే లెక్క అన్నది రెండోది. అందుకని ఆవిడ పక్క సీట్లో కూర్చుని టైపు చేసి, జానెడు దూరంలో ఉన్న ఆయన ఫోనుకి పంపేది. ఆ మాట కేబుల్ వెంట కారులోకి ఎక్కి, వాళ్ళిద్దరూ 'ఆ పిల్ల' అని చెప్పుకునే గొంతుతో బయటికొచ్చేది.

మొదట్లో ఆ పిల్ల అంతా ఒక్క గుక్కలో అప్పచెప్పేసేది. ఆవిడ ఊరుకుంటుందా? ఎక్కడ చుక్క పెడితే ఎంతసేపు ఆగుతుందో, ఎక్కడ కామా పెడితే ఊపిరి తీసుకున్నట్టుంటుందో వారం తిరక్కుండా పట్టేసింది. గొంతు ఆ పిల్లదే అయినా, మాట విరుపు ఆవిడదైపోయింది. కళ్ళు రోడ్డు మీద పెట్టుకుని వింటే, పక్కన ఆవిడే మాట్లాడుతున్నట్టుండేది.

'నా గొంతు కంటే బాగుంది. పైగా జలుబు చెయ్యదు,' అని ఒకసారి ఆ పిల్ల చేతే చెప్పించింది. మాస్టారు ఆ రోజు నవ్వాపుకోలేక బండి పక్కకి తీసి ఆపారు.

రోజూ సాయంత్రం అరగంట. ఇంట్లోవాళ్ళు గాలి మార్పు అనుకున్నారు.

మూడు వారాల కిందట ఆ అరగంటలోనే ఆ పిల్ల అంది. "మళ్ళీ వస్తే, ఇక వద్దు. ఉన్నన్నాళ్ళూ నోటితో తిననివ్వండి. ఒప్పుకోండి." ముందు వెళుతున్న బస్సు ఆగింది. మాస్టారు బ్రేకు తొక్కారు. "సరే" అన్నారు. బస్సు కదిలింది. ఆయన కళ్ళు మసకబారిన సంగతి ఆవిడకి తెలియదు. ఆవిడ కూడా ముందుకే చూస్తోంది.

*

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి కొడుకు ఆస్పత్రికి బయల్దేరుతూ మాస్టారి దగ్గరికి వచ్చాడు. నిన్నటి గొంతు కాదు.

"నేను అన్నవి మనసులో పెట్టుకోకు నాన్నా."

"ఏమన్నావని?"

"అదే... పర్వాలేదా అని."

"నాకు గుర్తు లేదు," అన్నారు మాస్టారు. ఆయనకి అక్షరం అక్షరం గుర్తుంది.

కొడుకు జేబులోంచి మెరిసిపోతున్న కొత్త ఫోను తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. "నీ పాతదాని బ్యాటరీ ఉబ్బి వీపు పైకి లేచింది. చూసుకున్నావా? చొక్కా జేబులో పేలితే ఏమైపోతావు? పొద్దున్నే సిమ్ము తీసి ఇందులో వేసేశా. నంబర్లన్నీ ఎక్కించా. అమ్మ 'ఇల్లు' పేరుతోనే ఉంది, మార్చలేదులే. కొత్తది కదా, కారులో ఇంకా బాగా చదువుతుంది."

మాస్టారు ఆ ఫోనుని అటూ ఇటూ తిప్పి చూశారు. అలిగిన మనిషి ఇచ్చే కానుక బరువు వేరు.

"అమ్మని కారులో తీసుకెళ్ళు. మీరు మాట్లాడుకునేది అక్కడేగా. నాలుగింటిదాకా నేను ఆస్పత్రిలోనే కూర్చుంటా. నువ్వు చెప్తే వింటుంది నాన్నా."

"నా మాట ఎప్పుడు విందిరా మీ అమ్మ?"

"నువ్వెప్పుడు చెప్పావు గనక!"

అని, తనే తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

కోడలు అత్తగారి మెడకి కొత్త గుడ్డ కట్టింది. ఫ్లాస్కులో వడకట్టిన పాలు పోసి, మాస్టారు ఒకటి చాలు అంటున్నా రెండు కప్పులు పెట్టింది. ఏం తేల్చుకొస్తారని అడగలేదు. ఆ అడక్కపోవడానికి మాస్టారు మనసులోనే దణ్ణం పెట్టుకున్నారు.

కారు ఎక్కాక కొత్త ఫోనుకి కేబుల్ గుచ్చారు. తెర మీద చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది.

'ఈ పరికరం ఈ వాహనానికి సరిపోదు.'

పీకి మళ్ళీ గుచ్చారు. ఊది గుచ్చారు. ఇంజను ఆపి మళ్ళీ వేశారు. ఆవిడ తన ఫోనులో ఏదో రాసి పంపింది. ఆయన చేతిలోని ఫోను గుర్రుమని వణికింది. కారు మాత్రం నోరు మెదపలేదు.

మాస్టారు కొడుక్కి ఫోను చేశారు. "పాత ఫోను ఎక్కడ పెట్టావురా?"

"షాపువాడికి ఇచ్చేశాగా. అలాంటి బ్యాటరీ ఇంట్లో ఉంచకూడదని అక్కడికక్కడే విప్పేశాడు. ఏం నాన్నా? కొత్తది చదవట్లేదా?"

ఆశగా అడిగిన ఆ గొంతు వింటే మాస్టారికి నిజం చెప్పబుద్ధి కాలేదు.

"భేషుగ్గా చదువుతోందిరా," అన్నారు.

ఆవిడ ఆయన వంక చూసింది. ఆయన గేరు మార్చారు.

*

కారు స్టీరియోలు బిగించే షాపు యజమానికి మాస్టారు పెట్టిన పేరు రివర్సు. వెనక్కి నడపడం రాక మూడుసార్లు పరీక్ష తప్పాడు అతను, పాతికేళ్ళ కిందట. ఇప్పుడు గడ్డం నెరిసింది, పేరు మాత్రం అలాగే ఉంది.

ఆవిడ దిగడం చూసి షాపులో హోరెత్తుతున్న పాట ఆపేశాడు. ఫ్యాను కింద ఉన్న ఒక్క కుర్చీ మీది వైర్లు కింద పెట్టి, "కూర్చోండమ్మా," అన్నాడు. అప్పుడు గానీ మాస్టారి వంక చూడలేదు.

తెర నొక్కాడు, కేబుల్ మార్చాడు, తలగోక్కున్నాడు.

"మాస్టారూ, ఈ బండిలో స్టీరియో పెట్టె ఎనిమిదేళ్ళ నాటిది. చేసినవాళ్ళే దీన్ని పట్టించుకోవడం మానేశారు. మీ ఫోనేమో మొన్న పుట్టింది. పాట వస్తుంది, ఫోను కాల్ వస్తుంది. మెసేజు చదవమంటే మాత్రం ఒకరి భాష ఒకరికి తెలీదు."

"ఏదో ఒకటి చెయ్యవయ్యా. నాలుగింటిలోగా కావాలి."

"కొత్త పెట్టె బిగించొచ్చు. అది తెప్పించేసరికి వారం."

గోడ గడియారంలో రెండూ నలభై అయింది.

రివర్సు ఆవిడ చేతిలోకి చూశాడు. "అమ్మగారి ఫోను ఏ కాలం నాటిది?"

"నా పాతదీ అదీ ఒకేరోజు కొన్నాం. రెండూ ఒకటే."

"మరింకేం! ఇలా ఇవ్వండమ్మా."

ఆవిడ ఫోనుకి కేబుల్ గుచ్చగానే చక్రం ఒక్క చుట్టు తిరిగి, తెర నీలంగా వెలిగింది. 'కలిసింది,' అని చూపించింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. రివర్సు మొహం మాత్రం వికసించినట్టే వికసించి వాడిపోయింది.

"కానీ మాస్టారూ... ఈ పెట్టె చదివేది ఏ ఫోను తగిలిస్తే దానికి వచ్చేవి. అమ్మగారి ఫోనుకి వచ్చేవి చదువుతుంది. అమ్మగారు పంపేవి చదవదు. సిమ్ములు అటూ ఇటూ మారుద్దామన్నా, మీ నంబరు ఇవాళే ఒకసారి ఫోను మారింది, మళ్ళీ మారిస్తే రేపటిదాకా మెసేజులు రావు."

"అంటే?"

"అంటే, మీరు పంపితే చదువుతుంది."

"నేను పంపడమేమిటి? నాకు గొంతుందిగా!"

అనేశాక గానీ ఏమన్నారో ఆయనకే తెలియలేదు. రివర్సు చప్పున వంగి, పనిముట్ల పెట్టెలో లేని వస్తువేదో వెతకడం మొదలెట్టాడు. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.

ఆవిడకి కోపం రాలేదు. నోటుపుస్తకం తీసి, రెండే మాటలు రాసి చూపించింది.

'ఉన్నా వాడరు.'

*

ఊరి చుట్టూ ఉన్న పెద్ద రోడ్డు ఎక్కారు. మాస్టారు మూడుసార్లు గొంతు సవరించుకున్నారు.

మొదటిసారి, "ఎండ పడుతోందా నీ వైపు?" అన్నారు. ఆవిడ లేదన్నట్టు తల ఊపింది.

రెండోసారి, "పాలు తాగుతావా?" అన్నారు. ఆవిడ కప్పులో పోసి ఆయనకే అందించబోయి, నడుపుతున్నారని గుర్తొచ్చి, తనే చిన్న చిన్న గుక్కలుగా తాగింది. గొంతు దిగుతుంటే ప్రతి గుక్కకీ కళ్ళు మూసుకుంది. ఆ మూసుకోవడం నొప్పికో రుచికో ఆయన అడగలేకపోయారు.

మూడోసారి మాటే రాలేదు.

మాస్టారు ఇండికేటరు వేసి, ఒక ఫ్యాక్టరీ గోడ పక్కన బండి ఆపారు. ఇంజను ఆపలేదు. చొక్కా జేబులోంచి కొత్త ఫోను తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఒక్క వేలుతో రాయడం మొదలుపెట్టారు. ఆవిడ గోడ వంక చూస్తూ కూర్చుంది. ఆయన మొహం చూడకుండా ఉండటం ఆవిడ ఆయనకి ఇస్తున్న మర్యాద. ఇన్నాళ్ళూ ఆయన ఆవిడకి ఇచ్చినదే.

మూడూ ఇరవై అయింది. ఆయన పంపారు. కారులో గంట టింగుమంది.

"డ్రైవరు నుంచి కొత్త సందేశం."

"డ్రైవరా!" అన్నారు మాస్టారు. "ఇన్నేళ్ళ నుంచీ నీ ఫోనులో నేను డ్రైవర్నా?"

ఆవిడ నవ్వింది. చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. ఇంకా నవ్వుతుండగానే ఆ పిల్ల చదవడం మొదలెట్టింది. మాస్టారికి చుక్కలూ కామాలూ పెట్టడం తెలియదు. అంతా ఒక్క గుక్కలో వచ్చేసింది.

"నేను సరే అన్నది నిజమే కానీ నాకు ఇష్టం లేదు నువ్వు బాధపడతావని అన్నాను గొట్టంతో తిన్నా పర్వాలేదు అసలేమీ మాట్లాడకపోయినా పర్వాలేదు పొద్దున్న లేస్తే పక్కన నీ ఊపిరి వినపడాలి నాకు అంతే ఇది నా స్వార్థమని తెలుసు నీ ఒళ్ళు నీది కోతా నీదే నొప్పీ నీదే అబ్బాయి పర్వాలేదా అని అడిగాడు పర్వా ఉంది చాలా ఉంది ఎవరికీ చెప్పలేదు నువ్వు ఎటు తిప్పమంటే అటే తిప్పుతాను"

ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళో కదిలింది. పాత అలవాటు. ఒక్కో మాట తరవాత, లేని పెన్సిలుతో, చీర మీద చుక్క పెడుతూ పోయింది. చివరికొచ్చేసరికి ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"జవాబు చెప్పాలా? చెప్పండి, వింటున్నాను," అంది ఆ పిల్ల.

తెర మీద మైకు బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంది. కారు వింటోంది. దానికి వినబడటానికి ఉన్నది మెడ మీది గుడ్డలోంచి వచ్చే పోయే గాలి ఒక్కటే.

"వినబడలేదు. మళ్ళీ చెప్పండి."

మాస్టారు దాని నోరు నొక్కడానికి చెయ్యి చాచారు. ఆవిడ ఆ చెయ్యి పట్టి ఆపింది. ముందుకి వంగి, తెరకి దగ్గరగా వచ్చి, పెదవులు కదిపింది. ఒక చిన్న మాట. రెండు అక్షరాలో మూడో.

"వినబడలేదు. మళ్ళీ చెప్పండి."

ఆవిడ మళ్ళీ అదే చెప్పింది. ఆయన ఆ పెదవుల వంకే చూస్తున్నారు. పది నెలలుగా ఆవిడ మాట్లాడేటప్పుడు రోడ్డు చూడటమే గానీ మొహం చూడటం ఆయనకి అలవాటు లేదు. ఆవిడ వెనక కిటికీలోంచి ఎండ కొడుతోంది. ఆ మాట ఏదో ఆయనకి తెలియలేదు.

"మళ్ళీ చెప్పు," అన్నారు ఆయన కూడా, ఏడుస్తూ.

ఆ పిల్ల ఇక విసిగినట్టు మైకు ఆర్పేసింది. ఆవిడ కేబుల్ లోంచి తన ఫోను పీకి, రెండు చేతులతో పట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఆగి ఆగి రాస్తోంది. కొట్టేసి రాస్తోంది. అలవాటుగా చుక్కలు పెడుతోంది.

వెనక నుంచి లారీ ఒకటి పెద్దగా హారను కొట్టింది. ఫ్యాక్టరీ గేటుకి అడ్డంగా బండి పెట్టారు మాస్టారు. ఆ సంగతి ఇప్పుడు చూసుకున్నారు. ఇంకోసారి హారను. చేతులతో మొహం తుడుచుకుని, గేరు వేసి, కదిలించారు.

నూరు గజాలు వెళ్ళారో లేదో, చొక్కా జేబులో, గుండె మీద, ఫోను గుర్రుమంది.

కారు ఏమీ అనలేదు. ఆ ఫోను ఏమంటోందో దానికి తెలియదు. ఆవిడ తన ఫోను ఒళ్ళో బోర్లించి, కిటికీలోంచి బయటికి చూస్తోంది.

రోడ్డు పక్క మళ్ళీ ఆపుదామంటే ఆపడానికి చోటు లేదు, ఇటూ అటూ బళ్ళు. ముందు పెద్ద కూడలి. కుడికి తిరిగితే ఆస్పత్రి, తిన్నగా పోతే ఇల్లు. ఏ వైపు పోవాలో వంద అడుగుల ముందే తేల్చుకుని ఆ వరసలోకి రావాలని కొన్ని వేలమందికి చెప్పిన మాస్టారు, రెండు వరసలకీ మధ్యనున్న తెల్లగీత మీద బండి ఆపారు. ఎర్రదీపం. దాని కింద అంకెలు దిగుతున్నాయి. నలభై. ముప్పై తొమ్మిది. తెర మీద గడియారం మూడూ నలభై ఒకటి చూపిస్తోంది.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి మాస్టారు సిగ్నలు దగ్గర ఫోను కోసం స్టీరింగు మీంచి చెయ్యి తీశారు. వేళ్ళు జేబు అంచుకి తగిలాయి.

ఆవిడ ఆ చేతిని పట్టుకుంది. నెమ్మదిగా తీసి, ఆయన రెండో పాఠం ఆయనకే అప్పచెబుతున్నట్టు, మళ్ళీ స్టీరింగు మీద పెట్టింది. పెట్టి, దాని మీద తన చెయ్యి ఉంచింది. ఆ చెయ్యి ఇటు లాగలేదు, అటు లాగలేదు.

ఐదు. నాలుగు. వెనక ఎవరో తొందరపడి అప్పుడే హారను కొట్టారు.

పచ్చదీపం పడింది. ఆవిడ ఇంకా చెయ్యి తియ్యలేదు.